పెద్దాళ్ళకి చెస్ – పాఠం 3: స్ట్రిప్ తిప్పి చూడటం

పోయినసారి ఇచ్చిన హోంవర్క్ గుర్తుందిగా, ఇంజిన్ (ఎత్తుల తప్పొప్పులు లెక్కగట్టే చెస్ ప్రోగ్రామ్) ఆన్ చెయ్యకుండా మీరు ఓడిపోయిన పది గేమ్‌లు తిరగేసి ఒక్కోదానికి ఒక్క లైన్, ఎక్కడ పోయిందో మీ మాటల్లో రాసుకోమన్నా. చెయ్యనివాళ్ళు ఈ పాఠం ఇక్కడే ఆపి ముందు ఆ పని చూడండి, తిట్టడం కాదు గానీ అది లేకపోతే ఇవాళ చెప్పేది ఇంకో యూట్యూబ్ వీడియో చూసినట్టే ఉంటుంది, బాగుందనిపిస్తుంది, రేప్పొద్దునకి పోతుంది.

చేసినవాళ్ళు ఇప్పుడు ఆ పది లైన్లు ఒకసారి పైనుంచి కిందకి చదవండి. నా నోట్‌బుక్‌లో ఏమున్నాయో చెప్తా. "ఏనుగు ఊరికే ఇచ్చా." "గుర్రం ఫోర్క్ చూడలా." (ఫోర్క్ అంటే ఒకే పావు ఒకేసారి రెండింటి మీద పడటం.) "వాడి ఒంటె అక్కడుందని మర్చిపోయా." "టైమ్ లేదు, కంగారులో మంత్రి పోయింది." సగానికి పైన ఇవే. సిసిలియన్ ఓపెనింగ్‌లో పదకొండో మూవ్ తప్పాడానని రాసుకున్న గేమ్ ఒక్కటంటే ఒక్కటి లేదు, మరి అప్పటిదాకా ఆర్నెల్లు నేను రాత్రుళ్ళు కూర్చుని చూసిందేమో మొత్తం ఓపెనింగ్ వీడియోలే. దెబ్బ మోకాలికి తగిలితే తలకి కట్టు కట్టుకున్నట్టయింది మన పని.

పెద్దయ్యాక చెస్ మొదలెట్టిన మనందరి రోగం ఇదే. తెలివి తక్కువై కాదు, తెలిసింది తక్కువై కూడా కాదు. ఎదుటివాడు వేసిన ఎత్తు చూడం. మన ప్లాన్ మనకి ఎంత ముద్దొస్తుందంటే అవతల కూడా ఒకడు కూర్చుని ఆలోచిస్తున్నాడన్న సంగతే గుర్తుండదు.

ఒక గేమ్ మొత్తం చూద్దాం, నాదే, సిగ్గేం లేదు. బోర్డు ఉంటే బోర్డు మీద పెట్టుకోండి, ఫోన్‌లో కాకుండా నిజం బోర్డు అయితే ఇంకా మంచిది. తెల్లపావులు నావి. (అక్షరం నిలువు వరస, అంకె అడ్డ వరస, పావు పేరు చెప్పకపోతే బంటు.) నేను ఈ4, వాళ్ళు ఈ5. నేను గుర్రం ఎఫ్3, వాళ్ళు గుర్రం సీ6. నేను ఒంటె సీ4. (కొంతమంది శకటు అంటారు, బిషప్ అంటారు, మా ఇంట్లో మాత్రం ఒంటే.) ఇక్కడిదాకా చిన్నపిల్లలు కూడా ఆడే ఎత్తులే. అప్పుడు వాళ్ళు సీ6లో ఉన్న గుర్రాన్ని ఎత్తి డీ4లో పెట్టారు.

నాకు నవ్వొచ్చింది. ఆడిన గుర్రాన్నే మళ్ళీ ఆడాడు, పైగా ఈ5 బంటుకి కాపలా తీసేశాడు, ఎవడో కొత్తోడు అనుకున్నా. రెండు సెకన్లు కూడా పట్టలేదు, గుర్రంతో ఈ5 బంటు లాగేశా. ఫ్రీ బంటు కదా!

వాళ్ళు మంత్రిని జీ5కి తెచ్చారు.

ఇప్పుడు చూడండి, ఆ మంత్రి ఒకే దెబ్బకి రెండు చూస్తోంది, ఈ5లో నా గుర్రం, జీ2లో నా బంటు. నాకు కొంచెం గుండె జారింది గానీ వెంటనే నా ప్లాన్ నాకు కనపడింది, గుర్రంతో ఎఫ్7 బంటు కొడితే వాళ్ళ మంత్రికీ హెచ్8 ఏనుగుకీ కలిపి ఫోర్క్! అబ్బ అనుకుని కొట్టా. వాళ్ళు తాపీగా మంత్రితో జీ2 బంటు తీసి నా ఏనుగు మీద కూర్చున్నారు. ఏనుగుని ఎఫ్1కి జరిపా. మంత్రి ఈ4 బంటు తీసి చెక్. ఒంటెని ఈ2లో అడ్డం పెట్టా. గుర్రం ఎఫ్3, ఆటకట్టు. ఏడు ఎత్తులు. ఈ2 ఒంటె ఆ గుర్రాన్ని కొట్టచ్చుగా అంటారా, కొట్టకూడదు, అది కదిలితే ఈ4లో మంత్రి నుంచి నా రాజుకి చెక్. రాజు కదలడానికి గడి లేదు, చుట్టూ నా పావులే నిలబడి దారి మూసేశాయి.

ఇది పాత ట్రాపే, కాఫీ హౌసుల్లో పందేలు కాసి ఆడేవాళ్ళని పేరుంది దీనికి. ట్రాప్ పేరేంటో మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. నేను చెయ్యాల్సిన పని ఏదో అదే పట్టుకోండి. ట్రాప్‌లు కంఠస్థం చేసుకుంటూ పోతే ఈ జన్మకి అవ్వవు, ఇదొకటి నేర్చుకుంటే రేపు ఇంకోటి పడుతుంది.

ఇప్పుడు మా షాపు సంగతి ఒకటి చెప్పాలి. నాది మెడికల్ షాపు. కౌంటర్ మీద ఎంత రద్దీ ఉన్నా, ఎదురుగా నిలబడ్డాయన బండి స్టార్ట్ చేసి పెట్టి వచ్చానని అరుస్తున్నా, స్ట్రిప్ ఇచ్చే ముందు చెయ్యి దానంతట అదే స్ట్రిప్‌ని తిప్పుతుంది. పేరు, ఎంత ఎంజీ, ఎక్స్‌పైరీ. డోలో 650 రోజుకి ఎన్నిసార్లు ఇస్తామో లెక్కలేదు, అయినా తిప్పుతాం. ఆలోచించి చేసేది కాదు అది, చెయ్యకపోతే వేళ్ళు ఊరుకోవు. మొదట్లో మా కుర్రాడికి ఇది అలవాటు చెయ్యడానికి మూడు నెలలు పట్టింది, రోజూ వెనక నిలబడి "తిప్పావా" అని అడిగేవాణ్ణి. అలాంటి నేను రాత్రి బోర్డు ముందు కూర్చుంటే మాత్రం స్ట్రిప్ తిప్పకుండా ఇచ్చేస్తున్నా. ఇది అర్థమైన రోజున నిజంగా నామీద నాకే కోపం వచ్చింది.

సరే, చెస్‌లో తిప్పి చూడటం అంటే ఏంటి. రెండు ప్రశ్నలు. ఎదుటివాళ్ళు ఎత్తు వెయ్యగానే మొదటిది: ఇది ఎందుకు వేశారు, ఇంతకుముందు లేనిది ఇప్పుడు ఏం వచ్చింది? నేను వెయ్యబోయే ముందు రెండోది: నేనిది వేస్తే వాళ్ళ దగ్గర చెక్‌లు ఏమున్నాయి, కొట్టుళ్ళు ఏమున్నాయి, బెదిరింపులు ఏమున్నాయి? ఇదే వరసలో, చెక్, కొట్టుడు, బెదిరింపు. వరస ఎందుకంటే చెక్‌కి మనం జవాబు చెప్పి తీరాలి, ఛాయిస్ ఉండదు, కాబట్టి ముందు అది.

నా గేమ్ మీదే పెట్టి చూద్దాం. డీ4కి గుర్రం వచ్చింది. ఎందుకు వేశారు? ఎఫ్3లో నా గుర్రం మీదకి వచ్చింది, సీ2 వైపు చూస్తోంది, ఇంకోటి, గుర్రం సీ6 నుంచి లేచింది కాబట్టి ఈ5 బంటు వదిలేసినట్టుంది. ఎవరైనా ఊరికే ఇస్తున్నారంటే అనుమానం రావాలి, మన ఇంటి ముందు ఎవడో కొత్త బండి తాళంతో సహా వదిలేసి వెళ్తే ఎక్కి తొక్కేస్తామా. ఇప్పుడు రెండో ప్రశ్న, నేను ఈ5 కొడితే? చెక్‌లు: వాళ్ళ గుర్రం ఎఫ్3కి వచ్చి చెక్, నా మంత్రి కొట్టేస్తుంది, నష్టం లేదు. సీ2 బంటు కొట్టి చెక్, అదీ నా మంత్రి తీసేస్తుంది. కొట్టుడు: ఆ సీ2 తప్ప వేరే లేదు. బెదిరింపులు: ఇక్కడే ఆగాలి, వాళ్ళ మంత్రికి దారి తెరిచి ఉంది, అది ఎక్కడెక్కడికి రాగలదు? ఈ7, ఎఫ్6, జీ5, హెచ్4. జీ5కి వస్తే గుర్రం మీద, జీ2 మీద ఒకేసారి. దొరికింది. ముప్పై సెకన్ల పని, అంతే, అందులో లోతుగా లెక్కపెట్టింది కూడా ఏం లేదు, ఒక్క ఎత్తు ముందుకి చూశాం. దీనికి బదులు నేను హాయిగా డీ4 గుర్రాన్ని నా గుర్రంతో కొట్టేసి ఉంటే వాళ్ళు బంటుతో కొడతారు, ఆ తర్వాత నా ఒంటె బయట ఉంది, కాసిల్ చేసుకోవచ్చు (రాజుని ఏనుగు చాటున దాచుకోవచ్చు), వాళ్ళ పావులన్నీ ఇంట్లోనే. సుఖంగా ఆడుకునే గేమ్.

మీకు ఇప్పుడు ఒక డౌట్ రావాలి, అన్నా నేను రోజూ పజిల్స్ చేస్తున్నా, పజిల్ రేటింగ్ 1900, గేమ్‌లో 1200 దగ్గర ఆగిపోయా, ఎందుకని. ఎందుకంటే పజిల్ తెరవగానే మీకు ఫ్రీగా ఒక సమాచారం వచ్చేస్తుంది, ఇక్కడ ఏదో ఉంది అని. గేమ్‌లో ఆ బెల్లు ఎవడూ కొట్టడు. ఇంకోటి, పజిల్‌లో ఎప్పుడూ కొట్టేది మనమే, తినేది వాళ్ళు. వాళ్ళు మనల్ని ఎలా కొట్టబోతున్నారో వెతికే పజిల్స్ మనం చెయ్యం. పజిల్స్ మానెయ్యమనట్లేదు, చెయ్యండి, కానీ వేగంగా వందకాదు, నిదానంగా పది, జవాబు తోచాక కూడా వాళ్ళ బెస్ట్ రిప్లై ఏంటో చెప్పుకున్నాకే వేలు పెట్టండి. లీచెస్ అనే ఫ్రీ చెస్ సైట్‌లో పజిల్ థీమ్స్ అని ఉంటాయి, అందులో హ్యాంగింగ్ పీస్ అన్నది ఒక నెల చెయ్యండి, చూడ్డానికి పిల్లలవిలా ఉంటాయి, మనకి కావాల్సింది అవే.

ఇవి చిన్నవాళ్ళ తప్పులని సిగ్గుపడకండి. 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో వరల్డ్ ఛాంపియన్‌షిప్ పద్నాలుగో గేమ్, అటు అప్పటి ప్రపంచ ఛాంపియన్, చైనా ఆటగాడు డింగ్ లిరెన్, ఇటు మన గుకేశ్ (చెన్నైలో పుట్టిన తెలుగింటి కుర్రాడు, అప్పటికి 18 ఏళ్ళు). గుకేశ్‌కి ఒక బంటు ఎక్కువున్నా అందరూ డ్రా అనే అనుకున్నారు. 55వ ఎత్తుకి డింగ్ ఏనుగుని ఎఫ్2కి తెచ్చి ఏనుగులు మార్చుకుందాం రా అన్నాడు. డింగ్ ఒంటె ఏమో ఏ8లో మూలకి పోయి కూర్చుంది. ఏనుగులు పోయాక గుకేశ్ తన ఒంటెని డీ5లో పెట్టాడు, అంతే, మూలలో ఉన్న ఒంటెకి మారకం తప్ప వేరే దారి లేదు, ఒంటెలూ పోతే మిగిలింది రాజులూ బంట్లూ, ఆ బంటు ఎక్కువున్నాయన గెలిచేస్తాడు. రెండో ప్రశ్న, నేనిది వేస్తే వాళ్ళు ఏం కొడతారు, ఏం బెదిరిస్తారు, సరిగ్గా అదే. ఇంకో తమాషా, ఆ తప్పు ముందు తనకీ కనపడలేదని, వేరే ఎత్తు వెయ్యబోయానని గుకేశే తర్వాత చెప్పాడు. ఆగి చూశాడు, ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

ఆగడం అన్నానుగా, దాని గురించి. పోయినేడు ఒక టోర్నమెంట్‌లో నాకు ఎదురుగా తొమ్మిదేళ్ళ పాప పడింది, కాళ్ళు నేలకి అందట్లేదు, వాళ్ళమ్మ గుమ్మం దగ్గర టిఫిన్ బాక్స్ పట్టుకుని నిలబడి ఉంది. నేను ఎత్తు వేసిన ప్రతిసారీ ఆ పాప రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేది. నా ఎత్తు స్కోర్‌షీట్‌లో రాసేది, చేతులు మళ్ళీ కిందకి. కాసేపు బోర్డంతా చూసేది. అప్పుడు ఒక చెయ్యి బయటికి. ఎవరో కోచ్ నేర్పినట్టున్నాడు, మొదట్లో ముద్దొచ్చింది, 26వ ఎత్తు దగ్గర నా ఏనుగు పోయాక ముద్దు రాలేదు. ఆ రాత్రి నుంచి నేనూ చేతుల మీద కూర్చుంటున్నా, మా ఆవిడ నవ్వినా సరే. మన ఎత్తు ముందు కాగితం మీద రాసుకుని చూసి తర్వాత ఆడదామని మాత్రం అనుకోకండి, టోర్నమెంట్ రూల్స్ ఒప్పుకోవు, ఆడాకే రాయాలి.

అన్నట్టు పిల్లల చేతిలో ఓడి రేటింగ్ పోయిందని ఏడ్చేవాళ్ళకి ఒక లెక్క. ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) రేటింగ్‌లో కే అని ఒక అంకె ఉంటుంది, ఒక్కో గేమ్‌కి రేటింగ్ ఎంత మారాలో తేల్చేది అదే, మొదటి 30 గేమ్‌ల దాకా ఎవరికైనా 40, ఆ తర్వాత మనలాంటివాళ్ళకి 20. పిల్లలకి మాత్రం 18 వచ్చిన ఏడాది చివరిదాకా, 2300 లోపు ఉన్నన్నాళ్ళూ 40 అలాగే ఉంటుంది. సమాన రేటింగ్‌వాడిని కొడితే మనకి 10, పిల్లాడికి 20. పైగా వాళ్ళు నెల తిరిగేసరికి ఎదిగిపోతారు, రేటింగ్ వాళ్ళ ఆటని అందుకోలేక వెనకపడి ఉంటుంది, పేరు పక్కన 1450 అని కనపడినా కూర్చున్నది 1450 కాదు.

ఈ రెండు వారాలు చెయ్యాల్సింది. రోజుకి ఒక్క గేమ్, 15 ప్లస్ 10, అంటే ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ఎత్తుకి 10 సెకన్లు అదనం (బ్లిట్జ్, అంటే నాలుగైదు నిమిషాల గేమ్‌లు, వద్దని మొదటి పాఠంలోనే చెప్పా, మళ్ళీ చెప్పించుకోకండి). ప్రతి ఎత్తుకీ రెండు ప్రశ్నలు, మొదట్లో పెదాలు కదుపుతూ అడుక్కోండి, పక్కన ఎవరూ లేకపోతే పైకే అడుక్కోండి. టైమ్ చాలట్లేదు అంటారు, మొదటి వారం చాలదు, నేను నాలుగు గేమ్‌లు టైమ్ మీదే ఓడిపోయా, పోనివ్వండి. గేమ్ అయ్యాక నోట్‌బుక్‌లో ఒక లైన్, ఏ ఎత్తు దగ్గర అడగడం మర్చిపోయారో ఆ నంబర్. ఎక్కువ భాగం మీరు గెలుస్తున్నాననుకున్న చోటో, వాళ్ళేదో ఊరికే ఇచ్చిన చోటో వస్తాయి ఆ నంబర్లు, చూడండి. ఆ తర్వాతే ఇంజిన్. అందులో కూడా దాని లెక్క రెండు పాయింట్లు (పాయింటంటే సుమారు ఒక బంటు విలువ) పైన ఊగిన చోట్లే చూసి మూసెయ్యండి, 0.4 తేడాకి మనం కంగారు పడక్కర్లేదు, అది హంపీ, హరికృష్ణ లాంటి గ్రాండ్‌మాస్టర్ల స్థాయి బాధ.

ఒక బోర్డు పని కూడా. నా గేమ్‌లో మంత్రి జీ5కి వచ్చిన చోట ఆపండి, తెల్లవాళ్ళ వంతు. నా ఫోర్క్ దండగ అని తేలిపోయింది. ఒక పావు ఎలాగూ పోతుంది, కానీ దానికి రెండు బంట్లు వసూలు చేసి, వాళ్ళ రాజుని రోడ్డు మీదకి లాగే దారి ఒకటుంది. క్లూ: ఇందాక చెప్పిన వరసలో మొదటి మాట మన ఎత్తులకీ పనికొస్తుంది. ఇంజిన్ పెట్టకండి, దొరక్కపోతే దొరకలేదనే రాయండి. జవాబు నాలుగో పాఠం మొదట్లో ఇస్తా, ఆ పాఠం రాజు-బంటు ఎండింగ్ మీద, డింగ్ ఆఖర్న చూసిన ఆ పొజిషన్‌తోనే మొదలెడదాం.