పాత మిలిటరీ జీపు కార్బొరేటర్ – 3వ పాఠం: ముందు నంబరు, తర్వాత స్పిండిల్

పోయిన పాఠంలో కార్బొరేటర్‌ను (పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) మానిఫోల్డ్ మీద నుంచి, అంటే ఆ మిశ్రమాన్ని ఇంజిన్‌లోకి చేర్చే గొట్టం మీద నుంచి దించి, పైమట్టి కడిగి పెట్టుకున్నాం. రిపేర్ కిట్ కొనడానికి పరుగెత్తకండి. మన చేతిలో ఉన్నది ఏదో ముందు తేల్చుకుందాం.

రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ ఎంబీ, ఫోర్డ్ జీపీడబ్ల్యూ జీపులకు అమర్చింది కార్టర్ కంపెనీ డబ్ల్యూఓ రకం కార్బొరేటర్, మోడల్ 539ఎస్. పై మూత స్క్రూ కింద చిన్న ఇత్తడి బిళ్ళ మీద ఆ నంబరు కొట్టి ఉండాలి. ఎనభై ఏళ్ళలో ఎన్నిసార్లు విప్పారో, ఆ బిళ్ళ చాలా వాటికి మిగల్లేదు. యుద్ధం తర్వాతి సివిలియన్ జీపుల డబ్ల్యూఓ కూడా చూడ్డానికి దాదాపు ఇలాగే ఉంటుంది. మన దేశంలో 1940ల చివరి నుంచి మహీంద్రా వాళ్ళు విల్లీస్ జీపులు బిగించారు కాబట్టి పాత సామాన్ల కొట్లో వేర్వేరు కాలాల భాగాలు ఒకే డబ్బాలో దొరకొచ్చు. జెట్‌నీ (పెట్రోలు కొలిచి వదిలే సన్నని రంధ్రం ఉన్న భాగం), ఆ రంధ్రంలో కదిలే మీటరింగ్ రాడ్‌నీ మాత్రం విడివిడిగా ఏరుకోవద్దు. అవి జత. ఒకటి మారితే పెట్రోలు కొలత మొత్తం తప్పుతుంది.

ఇక థ్రాటిల్ స్పిండిల్, అంటే యాక్సిలరేటర్ నొక్కితే తిరిగే సన్నని ఇరుసు. ఇంజిన్‌కు దారి తెరిచి మూసే బటర్‌ఫ్లై బిళ్ళ దీని మీదే ఉంటుంది. నన్నడిగితే ఈ బండి కార్బొరేటర్‌లో అసలు జబ్బు ఇక్కడే. రెండు కొసలూ పట్టుకుని పక్కలకు ఊపండి. టకటకమని కదిలితే ఆ సందులోంచి గాలి లాగేస్తోందని అర్థం. అప్పుడు ఎన్ని కొత్త జెట్లు వేసినా ఐడిల్ (యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజిన్ నెమ్మదిగా తిరగడం) నిలవదు. అనుమానంగా ఉంటే, మళ్ళీ బిగించాక ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా స్పిండిల్ కొసల దగ్గర రెండు చుక్కల ఇంజిన్ ఆయిల్ వేయండి. కాసేపు ఇంజిన్ సర్దుకుందంటే దొంగ దొరికినట్టే. మందు: లేత్ పని తెలిసిన మనిషి చేత రెండు వైపులా రంధ్రాలు సాఫు చేయించి ఇత్తడి బుష్‌లు వేయించడం. విప్పే ముందు బటర్‌ఫ్లై బిళ్ళ ఏ ముఖం పైకి ఉందో గుర్తు పెట్టుకోండి. దాని అంచు ఏటవాలు, తిరగేస్తే సరిగా మూసుకోదు.

ఫ్లోట్‌ను, అంటే కార్బొరేటర్‌లో పెట్రోలు మట్టాన్ని అదుపులో ఉంచే బోలు తేలే డబ్బాను, వేడి నీళ్ళలో ముంచండి. బుడగలు వస్తే చిల్లు ఉన్నట్టే. లోపలి పెట్రోలు పూర్తిగా పోయేదాకా సోల్డరింగ్ ఐరన్ దగ్గరికి తేవద్దు. సోల్డర్ కూడా సన్నగా పట్టించండి, బరువెక్కితే పెట్రోలు మట్టం పెరుగుతుంది. బిగించాక మూతను తలకిందులుగా పట్టుకుని ఫ్లోట్ ఎత్తు కొలవండి: 3/8 అంగుళం, అంటే సుమారు 9.5 మిల్లీమీటర్లు.

జెట్లలో తీగ దూర్చకండి, గాలి కొట్టించండి చాలు. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు పెట్రోలు చిమ్మే చిన్న పంపు తోలు వాషర్‌ను ఈ రాత్రికి పలుచని నూనెలో నాననివ్వండి. రేపటి పాఠం దానితోనే మొదలు.