గ్యాస్ వెల్డింగ్ 4వ పాఠం: మంట చిటపటలాడితే ముందు సిలిండర్ చూడండి

ఈసారి అతుకు మొదలెట్టాల్సింది. కానీ గత పాఠం చేసినవాళ్లలో చాలామందికి మంట చిటపటలాడింది, అంచున నారింజ రంగు కనిపించింది, గోళ్ల రంగు చెరిపే మందు వాసన వచ్చింది. అది ఎసిటోన్ వాసన. ఇది తేలేదాకా అతుకు ఆగాల్సిందే.

మన మంటకి ఇంధనమైన ఎసిటిలిన్ ఒత్తిడికి ఓర్చుకునే గ్యాస్ కాదు. గాలి, ఆక్సిజన్ లేకపోయినా తనంతట తానే విడిపోయి పేలగలదు. అందుకే మెరూన్ సిలిండర్ లోపలంతా సన్నటి రంధ్రాల గట్టి పదార్థం నింపి, దానికి ఎసిటోన్ పట్టించి, గ్యాస్‌ని ఆ ఎసిటోన్‌లో కరిగిస్తారు.

ఇప్పుడు అసలు తప్పు. రాజాంలోనో బొబ్బిలిలోనో సిలిండర్ తీసుకుని, ఆటోలో అడ్డంగా పడుకోబెట్టి ఊరికి తెచ్చి, దింపీ దింపగానే రెగ్యులేటర్ (ఒత్తిడి తగ్గించే పరికరం) బిగిస్తున్నారు. పడుకోబెడితే ఎసిటోన్ వాల్వ్ దగ్గరికి చేరుతుంది, తిప్పగానే గ్యాస్‌తోపాటు బయటికొస్తుంది. రెగ్యులేటర్ లోపలి పల్చటి పొర (డయాఫ్రం), ఎర్ర గొట్టం లోపలి రబ్బరు పాడవుతాయి. అంతకన్నా ముఖ్యం, ఎసిటోన్ తగ్గిన సిలిండర్‌లో గ్యాస్ సరిగా కరగదు. మీ తర్వాత దాన్ని నింపేవాడికీ వాడేవాడికీ అది ప్రమాదం. నిలబెట్టి, తాడుతో కట్టి, తెరిచిన బండిలోనే తేవాలి. కారు డిక్కీలో వద్దే వద్దు, గాలిలో 2.5 శాతం చేరితే చాలు అంటుకుంటుంది. దారిలో పడుకోబెట్టక తప్పకపోతే, ఎంతసేపు పడుకుందో కనీసం అంతసేపు నిలబెట్టి ఉంచండి. నేనైతే రాత్రంతా వదిలేస్తాను.

నిలబెట్టినా వాసన వస్తోందంటే గ్యాస్ మరీ జోరుగా లాగుతున్నట్టు. గంటకి సిలిండర్ సామర్థ్యంలో ఏడో వంతు దాటకూడదు. 7 ఘనపు మీటర్ల సిలిండర్‌కి అది 1000 లీటర్లు. 3 మి.మీ. రేకు అతుకుకి సుమారు 300 లీటర్లు చాలు కాబట్టి ఇబ్బంది ఉండదు. పెద్ద హీటింగ్ నాజిల్ పెడితే మాత్రం రెండు మూడు సిలిండర్లు మానిఫోల్డ్‌తో (అన్నిటినీ ఒకే దారిలోకి కలిపే పైపుతో) కలపాలి.

రెగ్యులేటర్ నుంచి గొట్టంలోకి వెళ్లే ఒత్తిడి 1 బార్ దాటించొద్దు. నేను 0.5 లోపే ఉంచుతాను. చిరిగిన గొట్టాన్ని ఫ్రిజ్ రాగి పైపు ముక్కతో కలపొద్దు. రాగి మీద ఎసిటిలిన్‌తో ఏర్పడే పదార్థం ఎండితే చిన్న తాకిడికే పేలుతుంది.

అభ్యాసం: గేజ్ ముల్లు ఎండకి పైకి లేస్తుంది, మిగిలిన గ్యాస్ తూకంలోనే తెలుస్తుంది. 1 కిలో అంటే సుమారు 900 లీటర్లు. సిలిండర్ తూచి, గంటకి 300 లీటర్ల నాజిల్‌తో న్యూట్రల్ మంట (ఆక్సిజన్, ఎసిటిలిన్ సమంగా ఉన్న మంట) పెట్టి, 3 మి.మీ. పాత రేకు మీద గంటసేపు ఫిల్లర్ కడ్డీ లేకుండా కరుగు గుంట (కరిగిన లోహపు చిన్న మడుగు) నడపండి. మళ్లీ తూచండి. 330 గ్రాముల దగ్గర తగ్గాలి. 500 తగ్గిందా, జాయింట్లన్నిటికీ సబ్బు నీళ్లు రాయండి. ఎక్కడా బుడగ రాకపోతే పోయింది ఎసిటోనే, ఆ సిలిండర్ వెనక్కి ఇచ్చి సంగతి డీలర్‌కి చెప్పండి.