డేటాబేస్ పాఠాలు – 6: నల్‌ను పోల్చేటప్పుడు

పోయిన పాఠంలో వేర్ షరతులు, అంటే ఏ వరుసలు కావాలో చెప్పేవి, రాశాం. ఆ షరతుల్లో దేనికీ చిక్కకుండా జారిపోయే వరుసలుంటాయి. ఈసారి వాటి సంగతి.

అనంతపురం జిల్లాలో ఒకరోజు కురిసిన వాన లెక్క ఎక్కిద్దాం. అంకెలు అభ్యాసానికి వేసుకున్నవే. 'వాన' అనే టేబుల్, అందులో మండలం, కొలత (మిల్లీమీటర్లు) అని రెండు కాలమ్‌లు.

ఉరవకొండ 12
రాయదుర్గం 0
కళ్యాణదుర్గం 7
తాడిపత్రి 25
గుంతకల్లు నల్

రాయదుర్గంలో చినుకు రాలలేదు, కాబట్టి సున్నా. గుంతకల్లు కొలత ఇంకా అందలేదు, కాబట్టి నల్, అంటే విలువ తెలియదన్న గుర్తు. అక్కడ కుండపోతగా కురిసి ఉండొచ్చు, అసలు పడకపోనూవచ్చు. వాన చుక్కను బట్టి పంట నష్టం లెక్కగట్టే చోట సున్నానూ నల్‌నూ కలపడం పెద్ద తప్పు.

ఇప్పుడు 'వేర్ కొలత > 10' అని అడగండి. రెండు వరుసలు వస్తాయి. 'వేర్ కొలత <= 10' అని అడిగినా రెండే. రెండూ రెండూ నాలుగు, ఉన్నవి ఐదు. గుంతకల్లు ఎటూ రాలేదు. 'నాట్ (కొలత > 10)' అని తిప్పి అడిగినా రాదు.

కారణం ఇది. ఎస్‌క్యూఎల్‌లో (డేటాబేస్‌ను అడిగే భాషలో) పోలికకు మూడు జవాబులు: అవును, కాదు, తెలియదు. నల్‌ను దేనితో పోల్చినా జవాబు 'తెలియదు'. దానికి నాట్ తగిలించినా 'తెలియదు' గానే ఉంటుంది. వేర్ మాత్రం 'అవును' వచ్చిన వరుసల్నే తీసుకుంటుంది. 'కొలత = నల్' అని రాస్తే ఒక్క వరుసా రానిది ఇందుకే. తెలియని రెండు సంగతులు ఒకటేనని ఎవరు చెప్పగలరు? 'కొలత ఈజ్ నల్' అని రాయండి, గుంతకల్లు వస్తుంది.

టేబుల్‌లోకి ఏ విలువలు రావచ్చో చెప్పే చెక్ నిబంధన దీనికి ఎదురు నడుస్తుంది. 'చెక్ (కొలత >= 0)' పెట్టినా నల్ లోపలికి వెళ్తుంది, ఎందుకంటే చెక్ 'కాదు' వస్తేనే అడ్డుకుంటుంది. ఖాళీ వద్దనుకుంటే నాట్ నల్ విడిగా పెట్టాలి.

ఎక్కువమందిని దెబ్బతీసేది నాట్ ఇన్, అంటే జాబితాలో దేనితోనూ సమానం కానివాటిని అడిగేది. 'తనిఖీ' టేబుల్‌లో రెండే వరుసలు: ఉరవకొండ, పొరపాటున పడిన ఒక నల్. తనిఖీ కాని మండలాల కోసం 'మండలం నాట్ ఇన్ (సెలెక్ట్ మండలం ఫ్రమ్ తనిఖీ)' అని రాస్తే నాలుగు రావాలి కదా, ఒక్కటీ రాదు. తాడిపత్రినే చూడండి: అది ఉరవకొండ కాదు, ఇది 'అవును'. అది నల్ కాదా, ఇది 'తెలియదు'. రెంటినీ అండ్‌తో కలిపితే 'తెలియదు', వరుస పోయింది. ఎర్రర్ కూడా రాదు, అదే ప్రమాదం. ఇలా ప్రశ్నలో ప్రశ్న (సబ్‌క్వెరీ) ఉన్నచోట నాట్ ఎగ్జిస్ట్స్ (సరిపోలే వరుస లేదా అని చూసేది) అలవాటు చేసుకోండి.

సగటు దగ్గరా ఆగాలి. ఏవీజీ(కొలత) నల్‌ను వదిలేసి 44ను 4తో భాగిస్తుంది: 11. కోలెస్(కొలత, 0) నల్ ఉన్నచోట 0 పెడుతుంది కాబట్టి ఏవీజీ(కోలెస్(కొలత, 0)) 5తో భాగిస్తుంది: 8.8. రెండోది రాస్తే, అందని కొలతను 'వాన పడలేదు' అని మీరే రాసేసినట్టు.

అభ్యాసం: 'కొలత <> 0' కు ఎన్ని వరుసలు వస్తాయో ముందు కాగితం మీద రాసుకుని, తర్వాత నడపండి. కౌంట్(*), కౌంట్(కొలత) కూడా పక్కపక్కన వేసి చూడండి. వచ్చే పాఠం వరుసల్ని క్రమంలో పెట్టే ఆర్డర్ బై: ఆరోహణ క్రమంలో నల్‌లు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో చివర, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో మొదట చేరతాయి, అక్కడినుంచి మొదలుపెడదాం.