పాత బైక్‌కి ఫ్రేమ్ మారుస్తున్నారా? ఆర్‌సీలో చాసిస్ నంబర్ మార్పించుకునే దరఖాస్తు విధానం

ఇంట్లో పాత బైక్ విప్పుకుని కూర్చున్నాక కార్బ్యురేటర్, క్లచ్ ప్లేట్లు, వైరింగ్ ఏది మార్చినా అది మీకూ బండికీ మధ్య సంగతి. ఫ్రేమ్ మారిస్తే మాత్రం అది ఆర్టీవో ఆఫీసు సంగతి కూడా అవుతుంది. ఆర్‌సీలో రాసి ఉండే చాసిస్ నంబర్ ఉండేది ఆ ఫ్రేమ్ మీదే. కాగితం మీద నంబర్ ఒకటి, ఇనుము మీద నంబర్ ఇంకొకటి అయితే, మీరు ఇరవై ఏళ్లుగా నడుపుతున్న బండైనా చట్టం లెక్కలో అది మీ బండి కాదు.

అందుకే బోల్టు విప్పకముందే ఆఫీసుకు వెళ్లండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. బండి మెరిసేలా తయారయ్యాక, రెన్యువల్‌కో అమ్మకానికో వెళ్లినప్పుడు నంబర్ తేడా బయటపడుతుంది. అప్పుడు వెనక్కి వెళ్లే దారి దాదాపు ఉండదు.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అనుమతి లేకుండా మార్పు జరిగితే 14 రోజుల్లోగా ఆర్‌సీ జతచేసి, ఫీజు కట్టి రిజిస్టరింగ్ అధికారికి తెలపాలని అదే సెక్షన్ చెబుతుంది. ఆ 14 రోజుల మాట చూసి 'ముందు మార్చేద్దాం, తర్వాత చెబుదాం' అనుకోకండి. 55వ సెక్షన్‌లో ఇంకో మాట ఉంది: బండి మీది చాసిస్ నంబర్ గానీ ఇంజన్ నంబర్ గానీ ఆర్‌సీతో కలవకపోతే, యజమాని వాదన విన్నాక రిజిస్ట్రేషన్ రద్దు చేయాలి. అనుమతి లేని మార్పులకు 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

అసలు ఫ్రేమ్ మార్చాల్సిందేనా అన్నది కూడా ఒకసారి ఆలోచించండి. హ్యాండిల్ తిరిగే మెడ గొట్టం సూటిగా ఉండి, తుప్పు కింది గొట్టాలకో స్టాండు దగ్గరికో పరిమితమైతే, మంచి వెల్డర్ చేత జిగ్ (ఫ్రేమ్ వంకరపోకుండా బిగించి ఉంచే చట్రం) మీద సరిచేయించడమే మేలు. పాత నంబర్ అలాగే ఉంటుంది, ఆర్‌సీలో మార్చాల్సిందేమీ ఉండదు. నంబర్ మాత్రమే అరిగిపోయి ఫ్రేమ్ బాగుంటే, దానికి అధికారి అనుమతితో రీపంచింగ్, అంటే అదే నంబర్‌ను మళ్లీ కొట్టించుకునే పద్ధతి వేరే ఉంది. ఆ అనుమతి లేకుండా సొంతంగా అక్షరాల పంచ్‌లు కొని కొట్టుకోవడం నేరం. పాత నంబర్‌ను కొత్త ఫ్రేమ్ మీద కొట్టించినా అంతే, 'బండి నాదే కదా' అన్న వాదన నిలవదు.

ఇక ఫ్రేమ్ ఎక్కడ దొరుకుతుంది? బండి ఇంకా తయారీలో ఉంటే అధీకృత డీలర్ ద్వారా కంపెనీనే అడగండి. బిల్లు, కంపెనీ లెటర్ రెండూ తీసుకోండి. యమహా ఆర్‌ఎక్స్ 100 లాంటి వాటికి ఆ అవకాశం లేదు, 1996లోనే దాని తయారీ ఆగిపోయింది. అదే ఏడాది మైసూరులో యెజ్డీ బైకులు తయారుచేసిన ఐడియల్ జావా కంపెనీ మూతపడింది కాబట్టి పాత యెజ్డీలదీ అదే పరిస్థితి. అప్పుడు మిగిలేది వాడిన ఫ్రేమే. కష్టమంతా అక్కడే మొదలవుతుంది. వాడిన ఫ్రేమ్ మీద ఇంకొకరి బండి నంబర్ ఉంటుంది. ఆ నంబర్‌తో ఎక్కడో ఒక ఆర్‌సీ బతికే ఉండొచ్చు, దాని మీద చలాన్లు, ఫైనాన్సు, దొంగతనం కేసు ఏవైనా ఉండొచ్చు.

కాబట్టి డబ్బు చేతిలో పెట్టేముందు నంబర్ అడగండి. ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) వారి 'వాహన్ సమన్వయ్' ఆన్‌లైన్ సేవలో ఆ చాసిస్ నంబర్ కొట్టి, అది దొంగిలించిన వాహనాల జాబితాలో ఉందేమో చూడండి. అమ్మేవాళ్లు ఆ బండి ఆర్‌సీని సరెండర్ చేసి రద్దు చేయించినట్టు కాగితం చూపించాలి. బండి పూర్తిగా పాడైపోతే 14 రోజుల్లో ఆఫీసుకు తెలిపి ఆర్‌సీ అప్పగించే బాధ్యత యజమానిదే, అది కూడా 55వ సెక్షన్‌లోనే ఉంది. ఆ కాగితం లేని ఫ్రేమ్ ఎంత గట్టిగా ఉన్నా, ఎంత చవగ్గా వచ్చినా వదిలేయండి. నంబర్ గీకేసిన ఫ్రేమ్ అయితే ముట్టుకోనే వద్దు.

అన్నీ సరిగ్గా ఉన్నా వాడిన ఫ్రేమ్‌కు అధికారి ఒప్పుకోకపోవచ్చు. ముందే అడగమనడానికి ఇదే పెద్ద కారణం. తెల్లకాగితం మీద బండి నంబర్, ఫ్రేమ్ ఎందుకు మార్చాల్సి వస్తోంది, కొత్త ఫ్రేమ్ ఎక్కడిది, అదే మోడల్‌దా కాదా అన్నవి రాసి, దెబ్బతిన్న చోటు ఫొటోలు జతచేసి ఇవ్వండి. జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోండి. కౌంటర్ దగ్గర నోటిమాటగా వచ్చిన 'సరే' తర్వాత ఎందుకూ పనికిరాదు.

దరఖాస్తులో ఏమేం పెట్టాలి

దరఖాస్తు ఆల్టరేషన్ (బండిలో మార్పు) కింద వెళ్తుంది. ఫారం, ఫీజు రాష్ట్రాన్ని బట్టి మారతాయి, పరివాహన్ పోర్టల్‌లోనో మీ రాష్ట్ర రవాణా శాఖ సైట్‌లోనో చూసుకుని స్లాట్ బుక్ చేసుకోండి. ఒరిజినల్ ఆర్‌సీ, నడుస్తున్న ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, చిరునామా రుజువు, ఫ్రేమ్ బిల్లు, వాడిన ఫ్రేమ్ అయితే దాని బండి ఆర్‌సీ రద్దు కాగితం, ముందస్తు అనుమతి, నోటరీ అఫిడవిట్, ఇవి మాత్రం సిద్ధంగా ఉంచుకోండి. బండి మీద లోన్ ఉంటే ఫైనాన్సు సంస్థ రాతపూర్వక సమ్మతి కూడా కావాలి. పదిహేనేళ్లు దాటి ఆర్‌సీ గడువు అయిపోయిన బండికి ముందు ఫారం 25తో రెన్యువల్ సంగతి తేల్చుకోవాలి. అది తేలకుండా చాసిస్ దరఖాస్తు కదలదు.

వీటన్నిటికంటే నేను ఎక్కువ జాగ్రత్త పడమనేది పెన్సిల్ ప్రింట్ దగ్గర. హ్యాండిల్‌ను ఓ పక్కకు పూర్తిగా తిప్పి, మెడ గొట్టం మీది జిడ్డును కిరోసిన్ గుడ్డతో తుడవండి. పల్చటి తెల్లకాగితం ఆనించి కదలకుండా పట్టుకుని, పెన్సిల్‌ను పడుకోబెట్టి ముల్లు పక్కభాగంతో మెల్లగా రుద్దండి. నల్లటి మసి మధ్య అంకెలు ఒక్కొక్కటే తెల్లగా తేలతాయి. పాత ఫ్రేమ్‌ది రెండు, కొత్తదానిది మూడు తీసి పెట్టుకోండి.

నేను ఈ పని ఆలస్యంగా చేశాను. ప్రింట్ తీయకముందే ఫ్రేమ్‌ను పౌడర్ కోటింగ్‌కు ఇచ్చాను. మందంగా పడిన పూత అంకెల గాడుల్లో నిండిపోయి, 3 ఏదో 8 ఏదో తెలియలేదు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ టార్చి వేసి రెండుసార్లు చూసి, ఇలా చదవలేనని వెనక్కి పంపారు. ఆయన చేసింది సరైన పనే. పెయింట్ రిమూవర్‌ను దూదిపుల్లతో కొంచెం కొంచెంగా అద్ది పూత తీయడానికి ఒక సాయంత్రం పట్టింది. ఎమరీ కాగితం మాత్రం వాడకండి, నంబర్ దగ్గర గీత కనిపిస్తే అనుమానం మొదలవుతుంది. కోటింగ్‌కు ఇచ్చేముందు ఆ చోట మాస్కింగ్ టేపు అంటించమని చెప్పండి, సరిపోతుంది.

తనిఖీకి బండిని నడుపుకుంటూ వెళ్లకండి. కొత్త నంబర్ ఆర్‌సీలో ఇంకా ఎక్కలేదు కాబట్టి ట్రాలీ ఆటోలో తీసుకెళ్లడమే క్షేమం. అక్కడ చాసిస్, ఇంజన్ నంబర్లు, లైట్లు, బ్రేకులు చూస్తారు. ఇంజన్ కూడా వేరేది ఎక్కించి ఉంటే అది దాచొద్దు, రెండూ ఒకే దరఖాస్తులో చూపించండి.

యాభై ఏళ్లు దాటిన బండి చేతిలో ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల కింద రిజిస్ట్రేషన్ కావాలంటే బండి అసలు రూపంలో ఉండాలి. చాసిస్‌లో గానీ ఇంజన్‌లో గానీ మార్పు చేసినదాన్ని వింటేజ్‌గా లెక్కించరు. ఆ ఆలోచన ఏమాత్రం ఉన్నా ఆ ఫ్రేమ్‌ను బాగుచేయించండి, మార్చకండి.

ఆర్‌సీ కొత్త చాసిస్ నంబర్‌తో వచ్చాక ఇంకో రెండు పనులుంటాయి. పాత ఫ్రేమ్‌ను ఎవరికీ అమ్మకండి, ఊరికే ఇవ్వకండి. దాని మీద ఇన్నాళ్లూ మీ పేరుతో నడిచిన నంబర్ ఉంది. దాన్ని ఏం చేయాలో అధికారి చెప్పినట్టే చేసి, ఆ రశీదు ఆర్‌సీతో పాటు దాచండి. రెండోది ఇన్సూరెన్సు. పాలసీలో ఇంకా పాత నంబరే ఉంటుంది, ప్రమాదం జరిగితే క్లెయిమ్ ఆగేది అక్కడే. కొత్త ఆర్‌సీ కాపీ పంపి ఎండార్స్‌మెంట్ (పాలసీలో నంబర్ మార్చినట్టు కాగితం) అడగండి. ఆ కాగితం చేతికి వచ్చేదాకా బండిని రోడ్డెక్కించకండి.