తొలకరి వానల్లో పిల్లలతో చెరువు గట్టుకు వెళ్లే ముందు

మృగశిర కార్తె వచ్చి నాలుగు వానలు పడ్డాయంటే, బడికి పోకుండా ఇంటి దగ్గరే చదువుకునే పిల్లలు ఇంట్లో నిలవరు. వాళ్లకు మంగళవారం పొద్దున చెరువు గట్టే క్లాసు రూము. వరంగల్ చుట్టుపక్కల అలాంటి చోట్లకు కొదవ లేదు. ధర్మసాగర్, పాకాల, రామప్ప, లక్నవరం, ఇంకాస్త ముందుకు పోతే ఏటూరునాగారం అడవి. అయితే ఎండాకాలంలో చూసొచ్చిన దారి జూన్ దాటాక అలాగే ఉంటుందనుకోవద్దు.

తల్లిదండ్రుల్లో చాలామందికి పాముల టెన్షనే. ఆ భయం ఉండాల్సిందే. కానీ పామంటే పిల్లలకూ భయమే కాబట్టి కొంత జాగ్రత్త వాళ్లే పడతారు. బావిని, క్వారీ గుంతను, కరెంటు తీగను చూసి ఏ పిల్లాడూ వెనక్కి తగ్గడు. నన్నడిగితే ముందు వాటి సంగతి చూసుకోవాలి.

అందుకే వెళ్లబోయే దారిని ముందు రోజు పెద్దవాళ్లలో ఒకరు నడిచి చూసి రావాలి. ఫోన్‌లో మ్యాప్ చూస్తే సరిపోదు. మన వైపు వ్యవసాయ బావులు చాలావాటికి చుట్టూ గోడ ఉండదు. వానలకు గడ్డి నడుము దాకా పెరిగి బావి అంచు ఎక్కడుందో కూడా తెలియదు. కరీంనగర్, వరంగల్ వైపు తవ్వి వదిలేసిన గ్రానైట్ క్వారీలు ఇంకా మోసం. నిలిచిన నీళ్లు పచ్చగా, కదలకుండా, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. లోపల మాత్రం నిలువునా కోసిన బండ. ఈత వచ్చినవాడికైనా పట్టుకుని పైకి రావడానికి ఏమీ దొరకదు. అలాంటి గుంత దారిలో ఉంటే ఆ దారే మానేయండి. ‘దూరం నుంచి చూసి వచ్చేద్దాం’ అనే మాట పిల్లల దగ్గర నిలబడదు.

అడవి పందుల కోసం చేను చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగ లాగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది నేరం, మనుషులూ చనిపోతున్నారు. పొద్దున్నే తీసేస్తామంటారు గానీ, మరిచిపోరని నమ్మకం లేదు. చేలకు అడ్డంపడి నడవకుండా బండ్ల బాట మీదే వెళ్లండి. ఎదురైన రైతునో, గొర్ల కాపరినో అడగండి: ‘‘అన్నా, ఈ బాటల బావులున్నయా? తీగలు గిట్ల పెట్టిన్రా?’’ బడి టైములో ఐదారుగురు పిల్లల్ని వెంటేసుకుని తిరిగే కొత్తవాళ్లను చూస్తే ఊళ్లో అనుమానం రావడం సహజం. ముందే మాట కలిపితే ఆ ఇబ్బందీ ఉండదు. పైగా చెట్ల పేర్లు మనకంటే గొర్ల కాపరికే బాగా తెలుసు.

చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకుతుంటే చూడాలని ఎవరికుండదు? దూరంగా గట్టు మీద నిలబడి చూడండి. మత్తడి రాతి మీద ఉండే నాచు నీళ్ల కింద కనపడదు, కాలు పెడితే జారిపోతుంది. కింద చేపలు పడుతున్న పెద్దల్ని చూసి పిల్లలూ దిగుతామంటారు, ఒప్పుకోవద్దు. వాగుల విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. మన నెత్తిన చుక్క పడకపోయినా పైన ఎక్కడో కురిసిన వానకు వాగు వస్తుంది. 2023 జూలైలో భూపాలపల్లి దగ్గర మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరినే ముంచేసింది. కల్వర్టు మీద మోకాలి లోతు నీళ్లు పారుతున్నా దాటొద్దు, వెనక్కి తిరిగి రండి.

పిడుగులు ఎక్కువగా మధ్యాహ్నం తర్వాతే పడతాయి. పొద్దున ఆరున్నరకు బయల్దేరి పదింటికల్లా ఇల్లు చేరేలా పెట్టుకుంటే సగం సమస్య తీరుతుంది. మెరుపుకీ ఉరుముకీ మధ్య క్షణాలు లెక్కపెట్టడం పిల్లలకు నేర్పండి. మూడు క్షణాలంటే దాదాపు ఒక కిలోమీటరు. లెక్క ముప్పైకి చేరకముందే ఉరిమితే నడక ఆపేసి పక్కా ఇంట్లోకో కారులోకో వెళ్లిపోవాలి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రావొద్దు. తాటిచెట్టు కిందికి, ఒంటరి వేపచెట్టు కిందికి పరుగెత్తడమే మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు.

ఇక ఆరుద్ర పురుగు. ఈ తొలకరి రోజుల్లో నడకకు అసలు ఆకర్షణ అదే. తడిసిన ఎర్రమట్టి మీద మఖ్మల్ ముక్కలా మెల్లగా పోతుంటుంది, వేలితో తాకితే కాళ్లు ముడుచుకుని కదలకుండా ఉండిపోతుంది. పిల్లల చేత కాళ్లు లెక్కపెట్టించండి. ఎనిమిది వస్తాయి. పేరుకు పురుగే గానీ సాలీడు చుట్టమని వాళ్లే కనిపెడతారు. చూశాక వదిలేయమనండి, అగ్గిపెట్టెలో ఇంటికి తేవొద్దు. అందరూ గొంతుక్కూర్చుని దాన్ని చూస్తున్నప్పుడే ఏ చిన్నవాడో పక్కకు జారుకుంటాడు. కాబట్టి పెద్దవాళ్లు ఇద్దరైనా ఉండాలి. ఒకరు పురుగును చూపిస్తుంటే రెండోవారు పిల్లల్నే చూస్తుండాలి, ఫోన్ జేబులోనే ఉండాలి.

తినే విషయంలో ఒకటే రూలు: ఇంటి నుంచి తెచ్చిందే తినాలి. గురివింద గింజలు ఏరుకోవడం పిల్లలకు సరదా. నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. ఆముదం గింజలు, ఉమ్మెత్త కాయలు కూడా అంతే. పుట్టకొక్కులు ఎంత తెల్లగా, ముద్దుగా ఉన్నా కోయొద్దు.

బూట్లు, మేజోళ్లలోకి దోపిన ఫుల్ ప్యాంటు, మెడలో ఒక విజిల్. రాళ్ల కింద, పుట్ట కన్నాల్లో చేతులు పెట్టనివ్వొద్దు. ఒకవేళ పాము కరిస్తే తాడు కట్టడం, కోయడం, పసరు పోయడం ఏదీ వద్దు. కాలి పట్టీలు, కడియాలు తీసేసి, ఆ కాలో చెయ్యో కదలకుండా కర్ర బద్దతో కట్టి, పిల్లను నడిపించకుండా ఎత్తుకుని 108కి ఫోన్ చేయండి. పామును వెతికి చంపడానికి టైము పోగొట్టుకోవద్దు. కట్లపాము కాటుకు నొప్పి, వాపు పెద్దగా ఉండకపోవచ్చు, అందుకని ‘ఏం కాలేదులే’ అని ఇంట్లో పెట్టుకోవద్దు. యాంటీవెనమ్ ఉండే దగ్గరి ఆసుపత్రి ఏదో బయల్దేరే ముందే కనుక్కోండి. అడవి లోపలికైతే అటవీశాఖ అనుమతి తీసుకోండి. అక్కడ చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

ఇంటికి రాగానే బట్టలు ఉతుకుడుకు వేసి, స్నానం చేయించి, చంకలు, గజ్జలు, చెవుల వెనక గోమార్లు పట్టుకున్నాయేమో చూడండి. తర్వాత మూడు వారాల్లోపు జ్వరం వస్తే, పొదల్లో తిరిగిన సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఒంటి మీద ఎక్కడైనా నల్లటి పొక్కు కట్టి ఉంటే అదీ చూపించండి. పొదల్లో ఉండే కంటికి ఆనని చిన్న పురుగులు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరానికి అది గుర్తు కావొచ్చు, మొదట్లోనే పట్టుకుంటే మామూలు మందులకే తగ్గుతుంది.