ఏరియేటర్ ప్యానెల్ మొరాయిస్తోందా? ముందు సోల్డర్ చూడండి

ఇందుకూరుపేట, విడవలూరు, కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల దగ్గర ఏరియేటర్‌ను (నీటిని చిలికి ఆక్సిజన్ అందించే యంత్రాన్ని) నడిపే ఆటో స్టార్టర్ బోర్డు పాడైందంటే అందరూ ముందు ఐసీనే (చిప్పునే) అనుమానిస్తారు. నన్నడిగితే ఐసీ జోలికి చివర్లో వెళ్లాలి.

సమస్య: ఏరియేటర్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. పెట్టె మీద తడితే మళ్లీ అందుకుంటుంది. తెల్లవారుజామున, చెరువులో ఆక్సిజన్ తగ్గే వేళకే ఇలా ఆగితే రైతుకు ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు.

కారణం: డ్రై సోల్డర్, అంటే పట్టు వదిలిన అతుకు. కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్చి) అదురుకీ, రోజూ వేడెక్కి చల్లారడానికీ బోర్డు మీది రిలే (కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్చి), ట్రాన్స్‌ఫార్మర్ కాళ్ల దగ్గర తగరం పగులుతుంది. టార్చి పక్కవాటుగా వేసి భూతద్దంలో చూడండి. కాలి చుట్టూ వెంట్రుకంత నల్ల గీత కనబడుతుంది. సోల్డర్ మసకగా ఉన్నంత మాత్రాన చెడిందనుకోకండి, సీసం లేని సోల్డర్ మామూలుగానే అలా ఉంటుంది.

పరిష్కారం: మెయిన్ ఆపి, కెపాసిటర్లు డిశ్చార్జ్ అయ్యాకే చెయ్యి పెట్టండి. పాత సోల్డర్‌నే కరిగించి వదిలేస్తే నాలుగు రోజుల ముచ్చటే. దాన్ని సోల్డర్ పీల్చే పంపుతో లాగేసి, కాలు శుభ్రం చేసి, రోజిన్ ఫ్లక్స్‌తో (సోల్డర్ బాగా పట్టడానికి పూసేది) కొత్తది వేయాలి. 63 శాతం తగరం, 37 శాతం సీసం ఉన్న వైరు 183 డిగ్రీలకే ఒక్కసారిగా కరిగి, అలాగే గట్టిపడుతుంది. రిపేరుకు నాకు ఇదే ఇష్టం. తగరం, వెండి, రాగి కలిసిన వైరుకు 217 డిగ్రీలు దాటాలి. సీసం వైరు ముట్టుకున్నాక చేతులు కడగందే అన్నం తినొద్దు.

సమస్య: రిలే తనంతట తనే ఆన్ అవుతోంది, బోర్డు మీద పచ్చటి చిలుము.

కారణం: ఉప్పు గాలి. బోర్డు మీది ఉప్పు తేమను పీల్చుకుంటే ట్రాకుల (రాగి గీతల) మధ్య కరెంటు లీకవుతుంది. ఇంతకుముందు ఎవరైనా రేకుల పనికి వాడే యాసిడ్ ఫ్లక్స్ పూసి ఉంటే ఇక చెప్పేదేముంది, రాగిని తినేస్తుంది.

పరిష్కారం: ఐసోప్రొపైల్ ఆల్కహాల్, బ్రష్షుతో కడిగి, బాగా ఆరాక కన్ఫార్మల్ కోటింగ్ (తేమ తగలకుండా కాపాడే పలుచని పూత) వేయండి.

సమస్య: మీటరు డిస్‌ప్లేలో అంకెలు సగమే కనబడతాయి.

కారణం, పరిష్కారం: గాజు మీద కంటికి కనబడని ఇండియం టిన్ ఆక్సైడ్ పొర ఉంటుంది, కరెంటు దాని గుండానే వెళ్తుంది. బోర్డుకూ గాజుకూ మధ్య కరెంటును చేర్చే చారల రబ్బరు (జీబ్రా రబ్బరు) మురికైతే గీతలు పోతాయి. ఆల్కహాల్‌తో మెత్తగా తుడిచి బిగించండి. బ్లేడుతో గీకారో, ఆ పొర లేచిపోతుంది.

సమస్య: షెడ్డులో గ్యాస్ అలారం మోగడం మానేసింది.

కారణం, పరిష్కారం: చాలా అలారాల్లో సెన్సర్ టిన్ ఆక్సైడే. దాని పక్కనే ప్యానెల్ కంతలకు సిలికాన్ సీలెంట్ పూస్తే ఆ ఆవిరికి సెన్సర్ మొద్దుబారుతుంది. కడిగినా లాభం లేదు, మార్చాల్సిందే.