కంటిగుడ్డు వెనక ఏముందో ఎంఆర్ఐలో చూడాలంటే

కంటిగూడులో గుడ్డు వెనక ఎక్కువ భాగం కొవ్వే. ఆ కొవ్వు మధ్యలోంచి మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న ఆప్టిక్ నరం వెళ్తుంది. దాని చుట్టూ కండరాలు, రక్తనాళాలు ఉంటాయి. నరం బిగుతుగా ఉండదు, కాస్త వంపు తిరిగి వదులుగా ఉంటుంది. అందుకే చూపు తిప్పినప్పుడల్లా అదీ కదులుతుంది. 5 మి.మీ. మందం పొరలుగా (స్లైసులుగా) తీసే మామూలు బ్రెయిన్ స్కాన్‌లో దీన్ని సరిగా చూడలేం. ఎంఆర్ఐలో కొవ్వు తెల్లగా వెలుగుతుంది. ఆ తెలుపును అణచాలి, చూపును నిలపాలి. ఆర్బిట్ (కంటిగూడు) స్కాన్‌లో పనంతా ఈ రెండింటి చుట్టూనే.

ముందు పేషెంటుతో మాట్లాడాలి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా బయటికెళ్ళి పనిచేసి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. "ఒంట్లో ఇనుము ఉందా" అని అడిగితే లేదనే అంటారు. "ఎప్పుడైనా గ్రైండింగ్, వెల్డింగ్ చేశారా? కంట్లో నలుసు పడితే డాక్టరు తీశారా? మొత్తం తీసేశామని చెప్పారా?" అని విడివిడిగా అడగండి. అనుమానం మిగిలితే ముందు కంటి ఎక్స్‌రే. కంట్లో మిగిలిన ఇనుప రవ్వ అయస్కాంతానికి కదిలి చూపు పోగొట్టగలదు. కాటుక, మస్కారా పూర్తిగా తుడిపించండి. వాటిలో ఐరన్ ఆక్సైడ్ ఉంటే ఆ చుట్టూ బొమ్మ వంకర పోతుంది. కాంటాక్ట్ లెన్సులు, ముక్కుపుడక, కట్టుడు పళ్ళు కూడా తీయించాలి.

కాంట్రాస్ట్ (జబ్బు ఉన్నచోటును తెల్లగా చూపే సూదిమందు) ఇవ్వాల్సి ఉంటే క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్షలు) చూడకుండా సూది పట్టకండి. శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం మండలాల నుంచి వచ్చినవాళ్ళ విషయంలో ఇది మరీ ముఖ్యం. అక్కడ కిడ్నీ జబ్బు బయటికి ఏ లక్షణమూ కనిపించకుండానే ముదిరి ఉండొచ్చు. ఈజీఎఫ్ఆర్ 30 కంటే తక్కువైతే రేడియాలజిస్టు, కిడ్నీ డాక్టరు మాట్లాడుకుని నిర్ణయించాలి. మోతాదు కిలోకు 0.1 మిల్లీమోల్. 60 కిలోల మనిషికి 0.5 మోలార్ (లీటరుకు అర మోల్) మందైతే 12 మి.లీ., గాడోబ్యూట్రాల్ అనే మందు 1 మోలార్ కాబట్టి 6 మి.లీ. అలవాటు మీద దాన్నీ 12 మి.లీ. లాగేస్తే రెట్టింపు మోతాదు వెళ్ళిపోతుంది, సీసా మీద చదివే లాగండి.

సిగ్నల్ అందుకునే హెడ్ కాయిల్‌లో తల నిటారుగా పెట్టి రెండు పక్కలా స్పాంజీలు బిగించండి. కళ్ళు మూసుకోమంటే చాలదు, రెప్పల కింద గుడ్డు తిరుగుతూనే ఉంటుంది. "అమ్మా, కళ్ళు మూసుకుని నేరుగా పైకి ఒకేచోట చూస్తున్నట్టు ఉంచండి, నాలుగు నిమిషాలే" అని ప్రతి సీక్వెన్స్‌కూ ముందు చెప్పండి. ఒక సీక్వెన్స్ అయ్యాక మరోటి మొదలయ్యేలోపు రెప్పలు ఆడించుకోనివ్వండి.

ఫీల్డ్ ఆఫ్ వ్యూ (బొమ్మలోకి వచ్చే వెడల్పు) 160 మి.మీ., స్లైస్ 3 మి.మీ., గ్యాప్ 0.3 మి.మీ. పెట్టండి. ఆక్సియల్ (అడ్డపొర) స్లైసులు ఆప్టిక్ నరానికి సమాంతరంగా ఉండాలి. ఫేజ్ డైరెక్షన్ (కదలిక నీడ పరుచుకునే దిశ) కుడి-ఎడమలుగా పెట్టాలి. ముందు-వెనకలుగా పెడితే కన్ను కదిలినప్పుడు వచ్చే నీడ నేరుగా నరం మీదే పడుతుంది. కరోనల్ (ముఖానికి సమాంతరంగా ఉండే నిలువుపొర) స్లైసులు గుడ్డు ముందు నుంచి ఆప్టిక్ కయాజ్మా (రెండు నరాలూ కలిసే చోటు) వెనక దాకా రావాలి. ఆక్సియల్ టీ1 (నీరు నల్లగా కనిపించేది) కొవ్వు అణచకుండా, కరోనల్ స్టిర్ (కొవ్వును నల్లబరిచి నీటిని తెల్లగా చూపేది), ఆక్సియల్ టీ2 (నీరు తెల్లగా కనిపించేది), డిఫ్యూజన్ (నీటి అణువుల కదలికను చూపేది) వరసగా తీయండి. కాంట్రాస్ట్ ఇచ్చాక ఫ్యాట్‌శాట్ (కొవ్వు అణచిన) టీ1 ఆక్సియల్, కరోనల్. స్టిర్ మాత్రం కాంట్రాస్ట్‌కు ముందే అయిపోవాలి, లేకపోతే కాంట్రాస్ట్ పీల్చుకున్న కణజాలం కూడా కొవ్వుతో పాటు నల్లబడిపోతుంది.

ఎక్కువ విషయం చెప్పేది కరోనల్ స్టిరే. గుడ్డు వెనక స్లైస్‌లో నరం బూడిదరంగు చుక్కలా, దాని చుట్టూ వెన్నుద్రవం సన్నటి తెల్లటి గాజులా కనిపిస్తాయి. చుక్కే తెల్లబడితే న్యూరైటిస్ (నరం వాపు) అనుమానించాలి. గాజు లావెక్కితే తలలో ఒత్తిడి పెరిగిందేమో చూడాలి. ఇక కండరాలు: నరానికి పైన సుపీరియర్ రెక్టస్, కింద ఇన్ఫీరియర్, ముక్కు వైపు మీడియల్, కణత వైపు లాటరల్. థైరాయిడ్ కంటిజబ్బులో కండరం నడుమే ఉబ్బుతుంది, గుడ్డుకు అతుక్కునే కొస సాధారణంగా సన్నగానే ఉంటుంది. ముందుగా ఇన్ఫీరియర్, తర్వాత మీడియల్ ఉబ్బడం ఎక్కువ.

తరచూ తప్పుదారి పట్టించేది ఫ్యాట్‌శాట్ సరిగా పనిచేయకపోవడం. సైనస్‌లో గాలి ఆనుకుని ఉన్నచోట, కంటిగూడు అడుగున, కొవ్వు అణగక నెలవంకలా తెల్లగా మిగులుతుంది. అది కాంట్రాస్ట్ పట్టిన జబ్బులా కనిపిస్తుంది. అందుకే కాంట్రాస్ట్‌కు ముందు కూడా ఒక ఫ్యాట్‌శాట్ టీ1 తీసి పెట్టుకోండి. రెండింటిలోనూ అదే తెలుపు ఉంటే అది కొవ్వే. పళ్ళలో లోహం ఉంటే డిక్సన్ పద్ధతి (నీటి సిగ్నల్, కొవ్వు సిగ్నల్ విడదీసేది) మేలు. నరానికి ఒక పక్క నల్లగీత, మరో పక్క తెల్లగీత వస్తే అది కెమికల్ షిఫ్ట్ (కొవ్వు, నీటి సిగ్నళ్ళు ఒకదాని నుంచి ఒకటి పక్కకు జరగడం), బ్యాండ్‌విడ్త్ పెంచి మళ్ళీ తీయండి.

ఎముక విరుపు, సున్నపు మచ్చలు (కాల్షియం పేరుకున్నవి) చూడాలంటే సీటీయే సరైనది. పేషెంటును విశాఖ పంపుతుంటే ఫిల్ముతో పాటు సీడీ తప్పకుండా ఇవ్వండి. ఇంత చిన్న నరం ఫిల్ము మీద ఎవరికీ అందదు.

షుగరు ఉండి ముఖం నొప్పి, రెప్ప వాలడం, చూపు మందగించడంతో వచ్చినవాళ్ళకు సైనస్‌లు, కేవర్నస్ సైనస్ (కంటిగూడు వెనక ఉండే సిరల గుంపు) కూడా స్లైసుల్లోకి వచ్చేలా తీయండి. కాంట్రాస్ట్ ఇచ్చాక ముక్కు లోపలి టర్బినేట్ (గోడ మీది మడత) వెలగకుండా నల్లగా ఉండిపోతే మ్యూకర్ (బ్లాక్ ఫంగస్) కావచ్చు. రిపోర్టు టైపయ్యేదాకా ఆగకుండా, పేషెంటు టేబుల్ మీద ఉండగానే రేడియాలజిస్టుకు చూపించి, పంపిన డాక్టరుకు ఫోన్ చేయించండి.